మోకాటి మార్పిడి అనంతర వేదన – ఓపియాయిడ్ చర్మపట్టీలు

అరిగిపోయిన మోకీలును తొలగించి, లోహముతోను పాలిథిలీనుతోను నిర్మింపబడిన కృత్రిమ కీలును అమర్చిన పిమ్మట రోగి అనుభవించు తీవ్రవేదనను, చర్మముపై అతికించిన పట్టీ ద్వారా మార్ఫీన్ వర్గపు (ఓపియాయిడ్) ఔషధమును నెమ్మదిగా రక్తములోనికి ప్రసరింపజేసి ఉపశమింపజేయు పద్ధతి ఈ వ్యాసమునకు విషయము. ఆసుపత్రి వాడుకలో ‘ప్యాచ్’ అని పిలువబడు ఈ పట్టీలలో ముఖ్యమైనవి రెండు: ఫెంటనిల్ పట్టీ, బ్యూప్రెనార్ఫిన్ పట్టీ. ఈ రెండును దినదినము ఇంచుమించు ఒకే తీరున సాగు దీర్ఘకాలిక వేదనకై రూపొందింపబడినవే గాని, గంటగంటకు హెచ్చుచు తగ్గుచు నుండు శస్త్రచికిత్సానంతర వేదనకై రూపొందింపబడినవి కావు. పట్టీకి శోభనిచ్చు గుణము నిదానము. ఆ నిదానమే ఈ సందర్భమున దోషముగా పరిణమింపగలదు. ఈ విషయమును మనస్సునందుంచుకొనియే దీని మేలుకీడులను విచారింపవలసియున్నది.

వేదన స్వరూపము: మోకీలు మార్పిడియందు తొడయెముక క్రిందికొనను, కాలియెముక పైకొనను రంపముతో కోసి, రంధ్రములు తొలిచి, కృత్రిమ భాగములను సాధారణముగా ఎముక సిమెంటుతో బిగింతురు. కీలును ఆవరించియుండు మెత్తని పొరలో కొంత తీసివేయబడును. తొడ ముందరి కండరము ప్రక్కకు తొలగింపబడును. రక్తస్రావమును అరికట్టుటకై తొడకు బిగించు టోర్నికే అను బంధము వలన కండరములు నలుగును. ఎముకను కప్పు పొరయందును కీలు పొరయందును నొప్పిని గ్రహించు నాడికొనలు మిక్కుటముగా నుండుటచేతను, ఫీమరల్, అబ్ట్యురేటర్, సయాటిక్ అను మూడు ప్రధాన నాడుల శాఖలు ఈ కీలునకు వ్యాపించియుండుటచేతను, ఏదో ఒక నాడిని మొద్దుబార్చినంత మాత్రమున మోకాలంతయు నిర్వేదనము కాజాలదు.

ఈ వేదన మొదటి రెండు మూడు దినములలో తీవ్రముగా నుండి, పిదప క్రమముగా తగ్గును. అయినను కాలు వంచునప్పటి నొప్పి వారముల తరబడి సాగుట కలదు. కదలక పడుకొనియున్నప్పటి నొప్పి వేరు, లేచి అడుగు వేయునప్పటి నొప్పి వేరు. ఔషధము మొదటిదానిని అణచినంత సులభముగా రెండవదానిని అణపజాలదు. ఇట్లుండగా ఈ శస్త్రచికిత్స కోరునది కదలికనే. ఆపరేషన్ జరిగిన దినముననో మరునాడో రోగి నడకకర్ర చట్రమును పట్టుకొని నిలువవలయును. కొలది వారములలో మోకాలు 90 డిగ్రీలకు పైగా వంగవలయును. లేనిచో కుర్చీనుండి లేచుటయు, మెట్లెక్కుటయు కష్టసాధ్యములగును. నొప్పికి వెరచి కాలు కదల్పని రోగికి కీలు చుట్టును మచ్చకణజాలము బిగిసి మోకాలు బిర్రబిగియును; పిక్కల సిరలలో రక్తము గడ్డకట్టి, ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరి ప్రాణాపాయము కలిగించు అవకాశము హెచ్చును. కావున ఇచ్చట నొప్పిని తగ్గించుట కేవలము సుఖము చేకూర్చుట కాదు, శస్త్రచికిత్సా ఫలమును కాపాడుట. మేలైన పరిశోధనలను సమీక్షింపగా, ఈ చికిత్స పొందినవారిలో ఇంచుమించు అయిదుగురిలో ఒకరికి దీర్ఘకాలము వరకు నొప్పి మిగిలియుండుచున్నదని తేలినది. తొలిదినములలో సరిగా అదుపు చేయబడని తీవ్రవేదన, శస్త్రచికిత్సకు పూర్వమే పాతుకొనిపోయిన వేదన, ఆందోళన మున్నగునవి ఇట్టి పరిణామముతో ముడివడియున్నవి.

చికిత్సా పరిణామము: 1890 ప్రాంతమున బెర్లిన్ నగరమున థెమిస్టోక్లిస్ గ్లూక్ ఏనుగుదంతముతో మోకీలును నిర్మించి అమర్చుటకు యత్నించెను గాని, అది నిలువలేదు. నేటి మోకీళ్ళకు మూలరూపమనదగిన టోటల్ కాండిలార్ కీలు 1974లో న్యూయార్క్ నగరమున జాన్ ఇన్సాల్ ప్రభృతుల కృషి ఫలితముగా ఉపయోగములోనికి వచ్చెను. ఆ బృందమున భారతదేశమున జన్మించిన చిత్తరంజన్ రణావత్ ఒకరు. కీలు నిర్మాణము స్థిరపడిన పిదప వైద్యుల దృష్టి వేదనోపశమనము వైపు మరలినది.

తొలుత కండరములోనికి మార్ఫీను సూది, పిదప రోగి తానే మీట నొక్కి సిరలోనికి కొద్దికొద్దిగా మందు పొందు యంత్రము, వెన్నుపూసల నడుమ సన్నని గొట్టము ద్వారా మందు నెక్కించు ఎపిడ్యూరల్ పద్ధతి వరుసగా ప్రచారములోనికి వచ్చినవి. 1993లో డెన్మార్క్ దేశీయులైన హెన్రిక్ కెలెట్, యోర్గెన్ డాల్ అనువారు, భిన్నరీతుల పనిచేయు పలు ఔషధములను తక్కువ మోతాదులలో జోడించినచో ఒక్కొక్కదాని దుష్ఫలితము తగ్గి ఉపశమనము హెచ్చునను బహువిధ వేదనోపశమన సూత్రమును ప్రతిపాదించిరి. ఆ సూత్రమే నేడు ప్రామాణికము. పారాసిటమాల్; మూత్రపిండములును జీర్ణాశయమును అనుమతించినంత మేరకు సెలికాక్సిబ్ వంటి వాపు తగ్గించు మందులు, డెక్సామెథసోన్, తొడ కండరపు బలమును హరింపక మోకాటి నొప్పిని తగ్గించు అడక్టర్ కెనాల్ బ్లాక్ అను నాడిని మొద్దుబార్చు పద్ధతి, 2008లో సిడ్నీ నగరమునుండి డెన్నిస్ కెర్, లారెన్స్ కోహన్ అనువారు ప్రకటించిన పద్ధతిని అనుసరించి శస్త్రవైద్యుడే గాయము చుట్టును ఎక్కించు స్థానిక మత్తుమందు, మంచుకాపడము – ఇవి ఈ ప్రణాళికకు పునాది. మార్ఫీన్ వర్గపు మందులు ఆ పునాదిపై, అవసరమునకు తగినంత మాత్రమే, చేర్పబడవలసినవి. పట్టీ స్థానము కూడ ఈ అమరికలోనే నిర్ణయింపదగినది.

చర్మమార్గము: చర్మము పైపొర మనిషిని బయటి పదార్థములనుండి రక్షించుటకే ఏర్పడినది గనుక మందులన్నియు దానిని దాటలేవు. అణుభారము 500 డాల్టనులకు మించక, క్రొవ్వులో సులభముగా కరగి, మైక్రోగ్రాముల పరిమాణములోనే ఫలమిచ్చు శక్తి గల మందు మాత్రమే ఈ త్రోవకు తగినది. మార్ఫీను ఈ పరీక్షలో నెగ్గదు. ఫెంటనిల్, బ్యూప్రెనార్ఫిన్ నెగ్గినవి. చర్మము ద్వారా దేహమంతటికి మందు నందించు తొలి పట్టీ 1979లో అమెరికాలో అనుమతి పొందినది. అది ప్రయాణములో కలుగు వాంతులకు వాడు స్కోపొలమిన్ పట్టీ. ఉరుగ్వేలో జన్మించిన అలెహాండ్రో జాఫరోని 1968లో కాలిఫోర్నియాలో స్థాపించిన ఆల్జా సంస్థ ఈ విద్యకు మార్గదర్శకమైనది.

పట్టీల నిర్మాణము రెండు విధములు. మొదటిదానియందు మందు ఒక చిన్న సంచిలో జిగురు ద్రవరూపమున నుండి, వేగమును నియమించు పొర ద్వారా వెలికి వచ్చును. రెండవదానియందు మందు అంటు పదార్థములోనే కలిసియుండును. సంచి చినిగినచో మందంతయు ఒక్కమారుగా వెలువడు ప్రమాదమున్నందున రెండవ విధమే నేడు ఎక్కువ ప్రచారమున నున్నది. ఏ విధమైనను, పట్టీ నుండి వెలువడిన మందు నేరుగా రక్తములో చేరదు; ముందు చర్మములోను చర్మము క్రింది క్రొవ్వులోను నిలువ యేర్పడి, అక్కడినుండి రక్తమునకు అందును. పట్టీని తీసివేసిన పిదపకూడ ఆ నిలువ రక్తములోనికి జారుచునే యుండును. తీసివేసినంతనే మందు ఆగిపోయినదని భావించుట పెక్కు అనర్థములకు మూలమైనది.

ఫెంటనిల్: 1960లో బెల్జియం దేశమున పాల్ యాన్సెన్ తన ప్రయోగశాలలో కనుగొనిన ఈ ఔషధము మార్ఫీను కంటె సుమారు 80 నుండి 100 రెట్లు శక్తి గలది. దీని పట్టీ 1990లో అమెరికాలో అనుమతింపబడినది. గంటకు 12, 25, 50, 75, 100 మైక్రోగ్రాములు విడుదలచేయు పరిమాణములలో లభించు ఈ పట్టీని సాధారణముగా 72 గంటలకొకసారి మార్తురు. అతికించిన 12 నుండి 24 గంటలకు గాని రక్తములో మందు ఒక స్థాయికి రాదు. తీసివేసిన పిదప సగమునకు తగ్గుటకు 20 గంటలకు పైగా పట్టవచ్చును. గంటకు 25 మైక్రోగ్రాముల పట్టీయే దినమునకు 60 మిల్లీగ్రాములకు తక్కువ కాని నోటి మార్ఫీనుతో సమానము. ఆ వర్గపు మందు నెన్నడును వాడి యెరుగని వృద్ధునకు ఇది పెద్ద మోతాదు. ఈ కారణముచేతనే అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ పట్టీని ఓపియాయిడ్ మందులకు దేహము అలవాటుపడనివారికిని, శస్త్రచికిత్సానంతర వేదనకును వాడరాదని స్పష్టముగా నిషేధించి, 2005లోను 2007లోను ప్రజలకు హెచ్చరికలు వెలువరించినది. అలవాటుపడుటయనగా వారమునకు తక్కువ కాకుండ దినమునకు 60 మిల్లీగ్రాముల నోటి మార్ఫీనో, దానికి సమానమైన మరియొక మందో పుచ్చుకొనుట.

ఫెంటనిల్ పట్టీని శస్త్రచికిత్సకు అనుకూలముగా మలచు యత్నము ఒకటి జరిగినది. స్వల్ప విద్యుత్ప్రవాహముతో మందును చర్మములోనికి నెట్టు అయాన్‌సిస్ అను పరికరము 2006లో అమెరికాలో అనుమతి పొందెను. రోగి మీట నొక్కినపుడు పది నిమిషములలో 40 మైక్రోగ్రాములు లోనికి పోవును. 24 గంటలలో, లేక 80 మారులతో, దాని పని ముగియును. లోపలి భాగములు తుప్పుపట్టుటచే 2008లో అది వెనుకకు తీసికొనబడి, సవరింపబడి 2015లో మరల అనుమతి పొందినను, వాణిజ్యముగా నిలువలేక 2017లో అమెరికా విపణినుండి తొలగిపోయినది. రోగి కోరినపుడు కోరినంత మందు నిచ్చు శీఘ్రత శస్త్రచికిత్సానంతర వేదనకు ఎంత ముఖ్యమో ఈ పరికరపు చరిత్ర తెలుపుచున్నది.

బ్యూప్రెనార్ఫిన్: నల్లమందులోని థెబాయిన్ అను క్షారమునుండి 1966లో ఇంగ్లండునందలి హల్ నగరమున రెకిట్ అండ్ కోల్మన్ సంస్థ శాస్త్రజ్ఞులు దీనిని తయారుచేసిరి. నాడీకణములపైనున్న మ్యూ గ్రాహకములను ఇది గట్టిగా పట్టుకొనును గాని పాక్షికముగా మాత్రమే ఉత్తేజపరచును. శ్వాసమాంద్యము ఒక హద్దు వరకే పెరుగునని ఆరోగ్యవంతులపై జరిగిన పరిశోధనలు సూచించినవి. అయితే నిద్రమాత్రలు, మద్యము, గాబపెంటిన్ వంటివి తోడైనపుడు ఆ హద్దును నమ్మరాదు. మార్ఫీను శేషములవలె గాక, దీని శేషములు మూత్రపిండముల రోగమున పేరుకొని హానిచేయవు. కాలేయమే దీనిని ప్రధానముగా విచ్ఛిన్నము చేయును. మోకాటి మార్పిడికి వచ్చు వృద్ధులలో మూత్రపిండముల శక్తి తగ్గియుండుట సాధారణము గనుక ఈ గుణము విలువైనది.

నాలుగు దినముల పట్టీ గంటకు 35, 52.5, 70 మైక్రోగ్రాములుగాను, ఏడు దినముల పట్టీ 5, 10, 20 మైక్రోగ్రాములుగాను లభించుచున్నవి. ఏడు దినముల పట్టీకి అమెరికాలో అనుమతి 2010లో వచ్చెను. గంటకు 5 మైక్రోగ్రాముల పట్టీ దినమునకు సుమారు 12 మిల్లీగ్రాముల నోటి మార్ఫీనుతో సమానము; మార్ఫీన్ వర్గపు మందు ఎరుగనివారికి సయితము ఆరంభింపదగినంత స్వల్పమోతాదు ఇది. ఇందున్న చిక్కు కాలమునకు సంబంధించినది: అతికించిన మూడవ దినమునకు గాని రక్తములో మందు స్థిరమట్టమునకు రాదు. శస్త్రచికిత్స నాటి రాత్రి, మరునాటి రాత్రి నొప్పి ఉగ్రముగా నున్న వేళ, ఆ దినముననే అతికించిన పట్టీ ఇంకను పూర్తిగా పనిచేయ నారంభింపలేదని తెలియవలయును.

పక్షప్రతిపక్షములు: ఈ లోపమును సవరించుటకై కొందరు మత్తువైద్యులు శస్త్రచికిత్సకు ఒకటి రెండు దినముల ముందుగానే పట్టీని అతికింతురు. భారతదేశమునందును, థాయిలాండ్, చైనా, ఇరాన్ దేశములందును మోకాటి మార్పిడి రోగులపై ఇట్టి పరిశోధనలు జరిగినవి. పట్టీ ధరించినవారికి అదనపు నొప్పిమందుల అవసరము తగ్గినదని వానిలో పెక్కు చెప్పుచున్నవి. పట్టీ పక్షమున చెప్పదగిన మాటలు ఇంకను కలవు: రక్తములో మందు ఎగుడుదిగుళ్ళు లేక సమముగా నుండును, రాత్రి నిద్ర చెడదు, వాంతులచే మాత్రలు నిలువనివారికిని, పలు మాత్రలతో తికమకపడు వృద్ధులకును సౌకర్యము, ఇంటికి పోయిన పిదప వ్యాయామవేళలందు మందు కొరత యుండదు. అయితే ఈ పరిశోధనలు కొలదిమంది రోగులపై, కొలది దినములు మాత్రమే సాగినవి. అరుదుగా సంభవించు శ్వాసమాంద్యము వంటి ఘోరాపాయమును అంత చిన్న సంఖ్యలో పసిగట్టుట సాధ్యము కాదు.

ప్రతిపక్షము గట్టిది. శస్త్రచికిత్సానంతర వేదన దినదినము తగ్గును, పట్టీ మందో తగ్గదు. మొదటి దినమున చాలనిది అయిదవ దినమున అధికమగును. రోగికి అకస్మాత్తుగా శ్వాస మందగించినచో సూదిమందు ప్రభావమువలె పట్టీ ప్రభావము శీఘ్రముగా తొలగిపోదు. 2018లో ఆస్ట్రేలియా–న్యూజీలండ్ మత్తువైద్యుల కళాశాల, తీవ్రవేదనకు నిదానముగా విడుదలయగు ఓపియాయిడ్ మందులను అలవాటుగా వాడరాదని ప్రకటించినది. 2025లో బ్రిటన్ ఔషధ నియంత్రణ సంస్థ దీర్ఘకాలము పనిచేయు ఓపియాయిడ్ మందుల లేబుళ్ళనుండి శస్త్రచికిత్సానంతర వేదన అను ప్రయోజనమును తొలగించినది.

ఈ రెండు పక్షములను తూచి చూడగా తేలు నిర్ణయమిది: ఫెంటనిల్ పట్టీని మార్ఫీన్ వర్గమునకు అలవాటుపడని మోకాటి రోగికి వాడుట తగదు. స్వల్పమోతాదు బ్యూప్రెనార్ఫిన్ పట్టీ అందరికిని వేయవలసిన పట్టీ కాదు. అది ఇతర మందులు పడనివానికి, నాడీబ్లాకులు చాలనివానికి, పర్యవేక్షణ యున్నచోట, వ్యక్తిని చూచి నిర్ణయింపదగిన ఉపాయము. శస్త్రచికిత్సకు పూర్వమే దీర్ఘకాలిక వేదనకై పట్టీ ధరించుచు వచ్చినవారి సంగతి వేరు. వారికి దానిని హఠాత్తుగా తీసివేయుట సాధారణముగా మేలుకాదు. దానిని కొనసాగించుచు, తీవ్రవేదనకు వేరు ఏర్పాటు చేయవలయును.

ప్రమాదములు: వికారము, వాంతులు, మలబద్ధము, దురద, తలతిరుగుడు, మూత్రము బిగియుట సామాన్యముగా కానవచ్చు బాధలు. తలతిరుగుడుతో లేచిన రోగి క్రొత్త మోకాటితో పడిపోవుట, వృద్ధులకు మతిభ్రమ కలుగుట ఇంతకంటె తీవ్రమైనవి. అన్నిటికంటె భయంకరము శ్వాసమాంద్యము. దానికి ముందు సామాన్యముగా అతినిద్ర వచ్చును గనుక, పిలిచినను పలుకక తూగుచు, నిమిషమునకు శ్వాసల సంఖ్య తగ్గి, కనుపాపలు సూదిమొనలవలె ముడుచుకొనియున్న రోగిని ‘హాయిగా నిద్రపోవుచున్నాడు’ అని విడిచిపెట్టరాదు; పట్టీని తీసివేసి వెంటనే వైద్యునకు తెలుపవలయును. విరుగుడైన నాలోక్సోన్ బ్యూప్రెనార్ఫిన్ విషయమున ఎక్కువ మోతాదులో, ఎక్కువసేపు అవసరము కావచ్చును. నిద్రలో ఊపిరి ఆగు వ్యాధి గలవారు, ఊపిరితిత్తుల రోగులు విశేష జాగ్రత్తకు పాత్రులు. మోకాటి ఆపరేషన్ పిమ్మట తరచుగా వ్రాయబడు గాబపెంటిన్, ప్రీగాబలిన్ మందులు సయితము శ్వాసను మందగింపజేయగలవని 2019లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించియున్నది.

వేడి మరియొక శత్రువు. చర్మము వెచ్చబడిన కొలది రక్తప్రసారము హెచ్చి మందు వేగముగా లోనికి పోవును. 40 డిగ్రీల సెల్సియస్ జ్వరమున రక్తములో ఫెంటనిల్ మూడవవంతు పెరుగవచ్చునని అంచనా. తెలుగునాట నొప్పియన్న వేడినీళ్ళ కాపడము, వేడి ఇటుక, ఎండలో కూర్చుండుట తరతరముల అలవాటు గనుకను, వేసవియెండ ఇచ్చట ప్రచండము గనుకను, పట్టీ ధరించినవారి కుటుంబమునకు ఈ సంగతి విడమరచి చెప్పుట వైద్యుని విధి. పట్టీ యున్నంత కాలము దానిపై కాపడము, విద్యుత్ దుప్పటి, చాల వేడినీటి స్నానము కూడవు.

ధరించు విధి: పై చేయి వెలుపలివైపు, ఛాతి పైభాగము, వీపు పైభాగము తగిన స్థలములు; నొప్పి యున్నచోటనే అంటింపవలయునను భ్రమతో మోకాటిపై అతికింపరాదు, ఏలయనగా మందు పనిచేయునది మెదడు, వెన్నుపాములపై. వెండ్రుకలున్నచో కత్తెరతో కత్తిరింపవలయును, గొరుగరాదు. సబ్బు, నూనె, స్పిరిటు వాడక మంచినీటితో తుడిచి, ఆరిన పిదప అతికించి అరచేతితో అరనిమిషము అదిమిపట్టవలయును. పట్టీని ముక్కలుగా కత్తిరింపరాదు. ఏడు దినముల బ్యూప్రెనార్ఫిన్ పట్టీని మార్చునప్పుడు అదే స్థలమున మూడు వారముల వరకు మరల అతికింపరాదు. అతికించిన తేదీ, గంట పట్టీపైనో చీటిపైనో వ్రాయుట, పాతది తీసివేయబడినదని చూచుకొనుట, ఒకేసారి రెండు పట్టీలు ఉండుటచే కలుగు అతిమోతాదు ప్రమాదమును నివారించును. ఎం.ఆర్.ఐ. పరీక్షకు ముందు పట్టీ సంగతి చెప్పవలయును. కొన్ని పట్టీల వెనుకనున్న లోహపు పొర చర్మమును కాల్చగలదు.

వాడిన పట్టీలో మందు చాలవరకు మిగిలియుండును. అట్టి పట్టీని నోటబెట్టుకొని, లేక మేనికంటించుకొని పసివారు మరణించిన ఉదంతములు ఉన్నవి. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2012లో ఈ విషయమై ప్రత్యేకముగా హెచ్చరించినది. అంటు ముఖములు లోపలికి వచ్చునట్లు మడిచి, ఆసుపత్రికి తిరిగి ఇచ్చుట ఉత్తమము. అందుకు వీలులేనిచో మరుగుదొడ్డిలో వేసి నీరు వదలుమని ఆ సంస్థ సూచించుచున్నది. మనుమలు మనుమరాండ్రు తాతయవ్వల చేతులపై నిద్రించు ఇండ్లలో, పట్టీ ఊడి బిడ్డ చర్మమునకు అంటుకొనకుండ కనిపెట్టుట ప్రాణరక్షణ కార్యము.

భారతదేశమున: 1985 నాటి మాదకద్రవ్య చట్టపు కఠిన నిబంధనలచే నొప్పిమందులు అందక రోగులు చాలకాలము బాధపడిరి. 2014లో జరిగిన సవరణ మార్ఫీను, ఫెంటనిల్, కోడీన్, మెథడోన్, ఆక్సికోడోన్, హైడ్రోకోడోన్ అను ఆరింటిని అత్యావశ్యక మాదకౌషధములుగా ఏర్పరచి, గుర్తింపు పొందిన వైద్యసంస్థలు ఒకే అనుమతితో వానిని ఉంచుకొను వీలు కల్పించినది. బ్యూప్రెనార్ఫిన్ అదే చట్టమున మనఃప్రభావక పదార్థముల పట్టికలో నున్నది. హైదరాబాదు ఎం.ఎన్.జె. కాన్సరు సంస్థవంటి కేంద్రములు మార్ఫీనును బీదరోగులకు క్రమబద్ధముగా అందించి, ఈ మందు భయపడదగినది కాక బాధ్యతతో వాడదగినదని నిరూపించినవి. ఆ కేంద్రములలోని క్రమము – మోతాదు లెక్క, రోగికి బోధ, మరల పరీక్ష – మోకాటి శస్త్రచికిత్సా విభాగములకు సయితము అనుసరణీయము.

విరమణ: పట్టీ అతికించు నాడే దానిని తీసివేయు నాడును నిర్ణయింపబడవలయును. ఒక పట్టీ కాలము ముగిసిన పిదప నొప్పి తగ్గుచుండగా మరియొకటి వ్రాయుట అలవాటుపాటునకు ద్వారము తెరచుటయే. శస్త్రచికిత్సపేర ఆరంభమైన ఓపియాయిడ్ వాడకము మానక కొనసాగుట అమెరికాను పట్టిపీడించిన ఓపియాయిడ్ దుర్వినియోగ విపత్తునకు ఒక కారణము. నొప్పి తగ్గక హెచ్చుచున్నచో పట్టీ మోతాదు పెంచుటకు ముందు చీము, రక్తపు గడ్డ, కీలు సడలుట వంటి కారణములను వెదకవలయును. ఏ చికిత్సకైనను ఇచ్చట కొలమానము ఒక్కటే: రోగి సున్నకు సమీపముగా నొప్పి అంకెను చెప్పుట కాదు, స్పృహతో, నిర్భయముగా మోకాలు వంచి, తన కాళ్ళపై తాను నడచుట. ఆ నడకకు తోడ్పడినంత మేరకే చర్మపట్టీ ఔషధము. దానికి అడ్డువచ్చిన నాడు, ఎంత నెమ్మదిగా నొప్పిని అణచుచున్నను, దానిని తీసివేయుటయే వైద్యధర్మము.